మొదటి కబురు

బస్సు ఇంజిన్ బందు చేసి పావుగంట అయింది. ఈ ఉక్కకు నేనే లేచి దిగిపోతానని డ్రైవర్ నిసార్ భాయ్ చూస్తున్నట్టున్నాడు, చూడనీ, ఒంటిగంటన్నర దాకా నేను ఈ సీట్లోంచి లేవను. ఎండాకాలం మూడు నెలలు పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదని ఈ గల్ఫ్ దేశంలో రూలు. అందుకని మా బౌషర్ సైట్‌లో ఈల పడగానే అందరూ కట్టే బిల్డింగ్ కిందికి, రేపు కార్లు నిలబెట్టబోయే ఆ మసక జాగలోకి దిగి, అట్టపెట్టెలు చింపి పరుచుకుని పడుకుంటారు. యాభై మంది. మనిషికీ మనిషికీ మధ్య జానెడు ఉండదు, నేను పోయి కూర్చుంటే మాత్రం ఆ జానెడు గజం అవుతుంది. ఎవరూ తిట్టరు. తిడితే మేలు, తిట్టుకు తిట్టు ఉంటుంది. అట్టను కొంచెం అవతలికి లాక్కుంటారు, సిమెంటు నేల మీద అట్ట గీరుకున్న చప్పుడు, అంతే, దానికి జవాబు ఏం చెప్పాలి. నలభై రోజులుగా వింటున్నాను. అందుకే ఇవాళ కంపెనీ బస్సెక్కి కూర్చున్నాను. బస్సు ర్యాంపు మొదట్లో సగం నీడలో, సగం ఎండలో ఉంది. ఎండలో ఉన్న సగం సీట్ల రెక్సిన్ వాసన నీడలో ఉన్న సగానికి వస్తున్నది. ఫోనుకు సిగ్నల్ మూడు గీతలు. బ్యాటరీ సగానికి పైనే ఉంది. చెమట బొట్టు తెర మీద పడి, ఇరమ్ పంపిన మీటింగ్ లింకు మీద అద్దంలా ఉబ్బింది.

ఒంటిగంటన్నరకు ఆ లింకు నొక్కాలి. అవతల లండన్‌లో ఇరమ్, ఆమెతో ఇంకో ఇద్దరు. ఏ పత్రికలోనూ నౌకరీ లేకుండా సొంతంగా రాసుకు బతికే విలేకరుల సంఘం వాళ్లది, తెల్లవాళ్లు కాని విలేకరుల సంఘం. నన్ను ప్రశ్నలడుగుతారు. నచ్చితే ఏడాది పని. ఊరికి పోయి, నా ఇంట్లో కూర్చుని, నా పేరు పెట్టుకుని, గల్ఫ్ మనుషుల సంగతులు రాసే పని. నచ్చకపోతే మూడున్నరకు మళ్లీ ఈల, మళ్లీ పార. ఇందులో పెద్ద చిక్కేమీ లేదు, ఒక్కటి తప్ప. నా పని తెలిసిన మనిషి, నాతో బతుకుతున్న మనిషి ఒకరు మీటింగ్‌లో నా గురించి నాలుగు మాటలు చెప్పాలట. ఫారంలో ఆ గడి చాలాసేపు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. రూములో మిగతా వాళ్లు ఆరుగురు, ఆరుగురూ నాతో మాట్లాడరు. చివరికి నిసార్ అహ్మద్ అని రాశాను. అడగకుండానే రాశాను. ఇవాళ పొద్దున ఆయన బస్సు అద్దాలు తుడుస్తుంటే దగ్గరికి పోయి చెప్పాను, భాయ్, ఒకటిన్నరకు లండన్‌ల ఒకామె నిన్ను నా గురించి అడుగుతది, అని. తుడవడం ఆపలేదు. పక్క అద్దం, ముందు అద్దం, మళ్లీ పక్క అద్దం. గుడ్డ పిండి జాడించి, "బండి యాడ నిలబెడతానో తెలుసు గదా" అన్నాడు. సరే అనలేదు, కాదనలేదు.

ఇప్పుడు డ్రైవరు సీటు వెనక్కి వాల్చి ముఖాన తడిగుడ్డ వేసుకున్నాడు. కడప మనిషి, అరవైకి దగ్గర. ఇరవై ఆరేళ్లుగా ఈ రోడ్ల మీద బండి తోలుతున్నాడు. మా రూముకు పెద్ద. గుడ్డ కింద నిద్రపోవడం లేదని నాకు తెలుసు, నిద్రపోయే మనిషి కాలి బొటనవేలు అట్లా ఆడదు. నేను మాట్లాడను, చూస్తాను, చిన్నప్పటి నుంచి అంతే, మా ఊరి బడిలో సార్ అడిగితే లేచి నిలబడేవాణ్ని గాని నోరు తెరిచేవాణ్ని కాదు, పలక మీద రాసి చూపించేవాణ్ని. ఆ వేలు ఆడుతున్నది అంటే ఆయన లెక్క పెడుతున్నాడు, ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో. చెప్పుకోనీ. ముసలి అబద్ధాలకోరు. ఇరవై ఆరేళ్లలో ఎన్ని ఇళ్లకు ఎన్ని అబద్ధాలు పంపాడో ఆయనకే లెక్క లేదు, మళ్లీ నా వైపు చూసేటప్పుడు ముఖం అట్లా పెడతాడు, నేనేదో బావిలో మందు కలిపినట్టు.

రంగున్న విలేకరులు. ఇరమ్ మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా మండలంలో నలుగురు విలేకరులం, నలుగురం నలుపే, అందులో ఒకడికి ఎర్రగా ఉన్నానని గీర. ఇక్కడ రంగు చర్మం మీద కాదు, నెత్తి మీద ఉంటుంది, ఇంజినీరుకు తెల్ల హెల్మెట్, ఫోర్‌మన్‌కు నీలం, నాకు పసుపు. హెల్మెట్ తీస్తే ఎవడూ ఎవడినీ గుర్తుపట్టడు. ఇరమ్ ఓపికగా చెప్పింది, హైదరాబాద్‌లో పుట్టిన పిల్ల, ఇంట్లో ఉర్దూ మాట్లాడినా తెలుగు బాగానే వస్తుంది, దేవదాసు గారూ అని గారు పెట్టి పిలుస్తుంది, ఈ దేశం వచ్చాక నన్ను గారు పెట్టి పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. అన్ని దేశాల్లో మనలాంటి వాళ్లను వాడుకుని పేరు వేయరు, అందుకే మనం ఒకరికొకరం, అన్నది. అది నిజమే. పోయినేడు ఖురంలో సముద్రం వైపు హోటల్లో దిగిన తెల్ల విలేకరి దొర ఒకడు నాలుగు శుక్రవారాలు నన్ను వెంటేసుకుని లేబర్ క్యాంపులన్నీ తిరిగాడు. మనుషుల్ని నేనే చూపించాను, నోరు నేనే తెరిపించాను, మాట మాటా నేనే మార్చి చెప్పాను. తీరా అచ్చయ్యాక చూస్తే నేను 'ఒక కార్మికుడు' అయ్యాను. నా పేరేది అని అడిగితే నీ భద్రత కోసమే అన్నాడు. అనుమతి లేకుండా రాస్తే ఇక్కడ ఒప్పుకోరు, విమానం ఎక్కిస్తారు, అదీ నిజమే. అయినా నా భద్రత మీద అందరికీ ఎంత ప్రేమ. ఎండలో రాడ్డు మోసేటప్పుడు ఏ ఒక్కడికీ లేదు ఆ ప్రేమ. ఆ దొరే ఇరమ్‌కు నా నంబరిచ్చాడు, పాపం పోగొట్టుకోవడానికి.

ఆ సంఘం వాళ్ల గ్రూపులో మూడు వందల మంది. ఏ దేశాల వాళ్లో, ఎవరి పేరూ సరిగ్గా పలకరాదు. ఒకరి రాత అచ్చయితే మూడు వందల మందీ చప్పట్ల బొమ్మలు పెడతారు. పనికొచ్చే ఎడిటర్ నంబరు అడిగితే చప్పట్లు ఆగిపోతాయి. కమ్యూనిటీ, కమ్యూనిటీ అని పొద్దున లేస్తే ఒకటే పాట. కమ్యూనిటీ అంటే ఏమిటో నాకు వాళ్లు చెప్పనక్కరలేదు, మా రూములో ఫ్రిజ్ తలుపుకు అతికించి ఉంటుంది అది. ఎనిమిది పేర్లు, వారానికి వంట పాలి ఎవరిదో. శుక్రవారం దేవదాసు, కోడికూర. నలభై రోజుల కింద నా పేరు మీద తెల్లకాగితం ముక్క అంటించి ఉంది, కొట్టివేత కూడా కాదు, కొట్టేస్తే కింద పేరు కనిపిస్తుంది కదా. ఆ కాగితం అంచులు కత్తెరతో నీటుగా కత్తిరించి ఉన్నాయి. ఎవరు కత్తిరించారో నాకు తెలుసు. అంత నీటు పని రూములో ఒక్కడిదే. అప్పటి నుంచి నాది వేరు తిండి, దుకాణంలో కొన్న ఖుబూస్ రొట్టె, లబన్ మజ్జిగ, మెట్ల మీద. వాళ్లు లోపల పోపు పెడితే ఆ వాసన మెట్ల దాకా వస్తుంది. వాసనకైతే కాగితం అంటించలేరు.

"టైమెంతప్పా?" గుడ్డ కింది నుంచి.

"పన్నెండు యాభై."

"ఆ బిడ్డ ఏమి అడగతాది?"

"నా పని ఎట్లాంటిదని అడుగుతది."

"నీ పని." గుడ్డ ఉబ్బి దిగింది, నవ్వాడనుకుంటా. "నీ పని నాకు తెల్దా. బో బాగా తెలుసు."

మళ్లీ బొటనవేలు. జితేందర్ వేలు కూడా నాకు అట్లాగే గుర్తుంది, కానీ అది ఆడలేదు. నా కింది మంచం వాడిది. అజైబాలో వేరే సైట్ వాడిది, పొద్దున నాలుగింటికి లేవాలి, అలారం మోగుతూనే ఉంటే పై నుంచి కాలితో మంచం తన్నాను, ఒరే నీ అలారం, అని. లేవలేదు. దుప్పటి బయట ఎడమ చెయ్యి, దాని మీద గడియారం, అందులో ఐదున్నర. వాడు గడియారం ఎప్పుడూ ఊరి టైమే పెట్టుకునేవాడు, గంటన్నర ముందుకు, సంధ్య ఇప్పుడు లేచింటది, ఇప్పుడు చాట ముందటేసుకుని బీడీలకు కూసుంటది, ఇప్పుడు కార్ఖానకు పోతది, అని మాకు వినిపించేటట్టు చెప్పేవాడు, మేం నవ్వేవాళ్లం, నీ పెండ్లాం గడియారంల ఉన్నదారా అని. మెల్లగా మంచం దిగి చెయ్యి ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ఏసీకి చల్లబడిన చల్లదనం కాదు అది. నిసార్ భాయ్‌ని లేపాను. ఆయన వచ్చి మెడ దగ్గర రెండు వేళ్లు పెట్టి, అట్లాగే ఉంచి, రూములో లైటు వేయొద్దన్నాడు. ఎవరి తప్పూ లేదు, నిద్రలో గుండె ఆగిందని డాక్టరు రాశాడు, ముప్పై నాలుగేళ్లు.

ఇక్కడ మనిషి పోతే ఇంటికి ఎట్లా చెప్పాలో ఒక పద్ధతి ఉంది, ఎవరు పెట్టారో తెలియదు, అన్ని క్యాంపుల్లో ఉంది. మూడు కబుర్లు. మొదటి కబురు, కొంచెం జ్వరమొచ్చింది, కంగారేమీ లేదు. అది ఇంట్లో ఆడమనిషికి చెప్తారు. రెండో కబురు, ఆసుపత్రిలో పెట్టినం, సీరియస్ అంటున్నరు. అది ఇంటి మగవాళ్లకు, ఊరి పెద్దమనిషి ఒకరికి. ఆ పెద్దమనిషి పోయి, ఆ ఇంటి ముసలమ్మ ఇంత తిన్నదో లేదో చూసి, అన్నం తిన్నాక, చుట్టుపక్కల నలుగురు ఆడవాళ్లు పిలవకుండానే వచ్చి గడపలో కూర్చున్నాక, అప్పుడు మూడోది. మూడో కబురు ఫోన్లో చెప్పకూడదు, మనిషే చెప్పాలి. మొదటి కబురుకే సగం అర్థమవుతుంది వాళ్లకు, నిసార్ భాయ్ అంటాడు, కానీ ఆ సగంతో పొయ్యి ఆర్పుకుంటారు, పిల్లల్ని బడి నుంచి పిలిపించుకుంటారు, కొంగు బిగించుకుంటారు, పిడుగు పడే ముందు ఇల్లు సర్దుకున్నట్టు. మా క్యాంపులో ఇరవై ఆరేళ్లుగా మొదటి కబురు ఆయనదే. ఆ రోజు పొద్దున ఆరింటికి, ఊర్లో ఏడున్నర, వరండాలో గోడకు ముఖం పెట్టి సంధ్యకు ఫోన్ చేశాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆయన గొంతు మారడం చూశాను, చూడడమే అనాలి దాన్ని, మెడ నరాలు వదులై, బుజం దిగి, చంటిపిల్లకు కథ చెప్పే గొంతు వచ్చింది. జ్వరమమ్మా. రాత్రి నుంచి కొంచెం జ్వరం. పనికి పోవద్దన్నాను. నిద్రపోతాండాడు, లేచినాక మాట్లాడతాడు. నిద్రపోతున్నాడన్న మాట దగ్గర కూడా గొంతు వణకలేదు. ఎంత అభ్యాసం ఉంటే వస్తుంది అది. అదే నిమిషంలో నాకు లోపల పాత జబ్బు లేచింది.

విలేకరి జబ్బు. ఊర్లో పద్దెనిమిదేళ్లు మండల కంట్రిబ్యూటర్‌ని. జీతం లేని కార్డు, దాన్ని చొక్కా జేబుకు తగిలించుకుంటే పోలీస్ స్టేషన్లో కుర్చీ వేస్తారు, అంతే దాని విలువ. మొదట్లో వార్త కాగితం మీద రాసి న్యూస్ కవర్లో పెట్టి సాయంత్రం ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ని, బస్సు వెనక పరుగెత్తిన రోజులెన్నో. తర్వాత ఫ్యాక్సు, తర్వాత ఫోను. చావు ఎక్కడ జరిగినా ముందు నాదే చేరాలి. మిగతా ముగ్గురికంటే పది నిమిషాల ముందు చేరితే ఆ రోజు అన్నం సహించేది. చావు వార్తకు ఒక అచ్చు ఉంటుంది, మట్టి పోస్తే చాలు. ఊరు, మండలం, ఇంటి పేరు, పేరు, బ్రాకెట్లో వయసు, బతుకుదెరువు కోసం, గుండెపోటుతో, మృతునికి తల్లి, భార్య, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. పేరు లేని చావు వార్త కాదు, డెస్క్ చెత్తలో వేస్తుంది. ఆ పొద్దున బాత్రూములో గొళ్లెం పెట్టుకుని, నల్లా తిప్పి పెట్టి, ఫోన్లో టైప్ చేశాను. ఆరు ఇరవైకి మా పాత పత్రిక డెస్క్‌కు పంపాను. పేరుతో, ఇంటి పేరుతో, ఊరితో, ఫోటోతో. ఫోటో మొన్నటి శుక్రవారంది, నేను వండిన కోడికూర గిన్నె పట్టుకుని నవ్వుతున్నాడు, గిన్నె కనిపించకుండా కోశాను. బయటికి వచ్చేసరికి నిసార్ భాయ్ ఊరి పెద్దమనిషి నంబరు వెతుకుతున్నాడు, రెండో కబురుకు. ఆరు యాభైకి ఆన్‌లైన్ ఎడిషన్లో పడింది. ఊరి టైము తొమ్మిదింటికి ఊరి గ్రూపులో. సంధ్య అప్పుడు కార్ఖానలో ఉంది, మొదటి కబురు విని ఆలోచించుకుంటూనే చుట్టిన బీడీ కట్టలు గంపలో పెట్టుకుని పోయింది, జ్వరమే కదా. కట్టలు చూసి లెక్క రాసుకునే మునిమి ఆమె ముఖం చూడకుండా ఫోను ఆమె ముందు పెట్టాడట, ఈయన మీ ఆయనేనా, అని.

ఆమె మళ్లీ నిసార్ భాయ్‌కే చేసింది. స్పీకర్ పెట్టకపోయినా రూమంతా వినపడింది, అరవలేదు, అయినా వినపడింది. "జ్వరమంటివి గదనే అన్నా. జ్వరమంటివి గదా. మరి పేపర్ల గట్లెందుకున్నది? నువ్వు నాకెందుకు జెప్పలేదే?" ఆయన అమ్మా, అమ్మా, అని రెండుసార్లు అన్నాడు. ఆ చంటిపిల్ల గొంతు తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. తర్వాత శవపెట్టె ఊరికి పోయింది, అంత్యక్రియలు అయ్యాయి. అత్త యాదవ్వ మాట్లాడింది, మామ వరుస వాళ్లు మాట్లాడారు, సంధ్య మాత్రం నిసార్ భాయ్ ఫోను ఎత్తదు. పెట్టెలో ఉన్నది ఆయనేనా అని నెల దాకా అడుగుతూనే ఉందట అందర్నీ, అక్కడి వాళ్ల మాట ఏది నమ్మాలె, జ్వరమన్నరు, అని. అదీ ఆయనకు తగిలింది. చావు కాదు. ఇరవై ఆరేళ్ల గొంతు ఒక్క పొద్దున పనికిరాకుండా పోయింది. మొన్న అవతలి క్యాంపులో ఎవరో పోతే పిలవడానికి వచ్చారు, పోలేదు ఆయన.

నేను రూములో అందరి ముందూ చెప్పాను, రేపటి దాకా ఆపమని డెస్క్‌కు చెప్పిన, వాళ్లు ఆపలేదు, డెస్క్‌ది తప్పు. ఆ మాట చాలాసార్లు చెప్పాను. మెట్ల మీద ఒంటరిగా కూర్చుని కూడా చెప్పుకున్నాను. డెస్క్‌లో కూర్చునే వాణ్ని నేను ముఖం కూడా చూడలేదు, వాడి మీద ఎంతైనా వేయొచ్చు. నిజం, నేను టైప్ చేశాను. 'ఇంటికి తెలియదు, సాయంత్రం దాకా ఆపగలరు' అని చివర ఒక వరుస రాశాను. రాసి చూసుకున్నాను. ఇక్కడే సోహార్ నుంచి వేరే పత్రికకు రాసే ఇంకొకడు గుర్తొచ్చాడు, వాడికి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ వరుస చెరిపేశాను. నల్లా నీళ్లు పోతూనే ఉన్నాయి. చెరిపేయడానికి ఎంతసేపు పట్టింది, అక్షరం అక్షరం వెనక్కి, ఒక గుక్క తాగినంతసేపు. తర్వాత ఆ వార్తనే పెద్దగా చేసి, పది పేజీలు రాసి, ఇరమ్‌కు పంపాను. ఆమె ఏడ్చానని రాసింది. ఆ పది పేజీలే నాకు ఈ మీటింగ్ తెచ్చాయి. ఫారంలో ఇంకో గడి ఉంది, అచ్చు కావడానికి ముందు కుటుంబానికి తెలుసా. అవును మీద టిక్కు పెట్టాను. వాళ్లకు ఎట్లా తెలుస్తుంది, లండన్‌లో కూర్చుని.

ఒకటి ఇరవై అయిదు. చొక్కా ముందు భాగం దులుపుకున్నాను, కెమెరాలో సిమెంటు కనిపిస్తుందేమోనని, తర్వాత అనిపించింది, కనిపిస్తేనే వాళ్లకు ఇష్టం. నిసార్ భాయ్ గుడ్డ తీసి, సీటు నిటారు చేసి, ముందు అద్దంలో నా వైపు చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఎండకో మరి దేనికో.

"నిజం చెప్పమంటావా, నెమ్మదిగా చెప్పమంటావా?"

"నీ ఇష్టం భాయ్."

"నా ఇష్టమా. నా ఇష్టమయితే నువ్వీ బండెక్కవప్పా."

లింకు నొక్కాను. తెర మూడు ముక్కలైంది, ఒక దాంట్లో ఇరమ్, వెనక పుస్తకాలు, తక్కిన రెండూ నల్లగా, పేర్లు మాత్రమే. దేవదాసు గారూ వినిపిస్తుందా, అంత ఎండలో మీరెట్లా ఉన్నారు, మీ రాతలో ఆ కోపం మా అందరికీ చాలా నచ్చింది. కోపం నచ్చిందట, వంటలో కారం నచ్చినట్టు. నల్లముక్కల్లో ఒకరు ఏదో అడిగితే ఇరమ్ తెలుగు చేసి చెప్పింది, మీ కమ్యూనిటీ మీకు ఎట్లా అండగా ఉంటుంది? అద్దంలో నిసార్ భాయ్ కళ్లు కదలలేదు. ఉంటది మేడమ్, అన్నాను. ఇంకా చెప్పండి అన్నది. రూముల ఏడుగురం, కలిసే వండుకుంటం, అన్నాను. నా నోట్లో లబన్ పులుపు. ఇంకా ఏవేవో అడిగింది, ఏడాదిలో ఏం రాస్తారు, ఎవరిని కలుస్తారు. చెప్పాను, మాట్లాడలేని నేను మాట్లాడాను, నా పేరు అచ్చులో ఎట్లా ఉంటుందో కనిపిస్తుంటే మాటలు అవే వచ్చాయి. జగిత్యాల దిక్కు మా ఇంటి వసారాలో టేబుల్, కిటికీ, ఈల లేని పొద్దు. వాళ్లు ముగ్గురూ ఒకేసారి నవ్వారు దేనికో, మంచి నవ్వే. తర్వాత ఇరమ్, మీ మనిషి పక్కనే ఉన్నారా, ఫోను ఇస్తారా, అన్నది.

ముందుకు పోయి ఇచ్చి, ఆయన వెనక సీట్లో కూర్చున్నాను. ఆయన ఫోనును దూరంగా, స్టీరింగు మీద నిలబెట్టి పట్టుకున్నాడు. చాచా, సలాం, అన్నది ఇరమ్. అక్కడి నుంచి వాళ్ల ఉర్దూలోనే నడిచింది. ఎన్నాళ్లుగా తెలుసు, మూడేళ్లు. మనిషి ఎట్లాంటివాడు, చూసేవాడు, అన్నీ చూస్తాడు, అన్నాడు నిసార్ భాయ్, చూసింది మర్చిపోడు. అంతవరకు నిజమే చెప్పాడు. చాచా, ఒక్క మాట, ఇది మాకు చాలా ముఖ్యం, అన్నది, జితేందర్ వార్త బయటికి రాకముందు ఆ ఇంటివాళ్లకు తెలుసా, ఆయన వాళ్లకు చెప్పాకే రాశాడా?

బస్సు బయట కాంక్రీటు మిక్సర్ బందు పడి ఉంది, దాని మీద కాకి కూడా లేదు. నేను ఆయన మెడ చూశాను. మెడ నరాలు వదులయ్యాయి. బుజం దిగింది.

"హౌ అమ్మా. మాలూం థా ఉనోకు. మైచ్ బోల్యా."

అవునమ్మా, వాళ్లకు తెలుసు, నేనే చెప్పాను. చంటిపిల్లకు కథ చెప్పే గొంతు. నలభై రోజులుగా పోయిందనుకున్న గొంతు, ఒక్క వణుకు లేకుండా, నాకోసం వచ్చింది. ఫోను నా ఒళ్లోకి పడేసి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నా ముఖం చూడడానికి కూడా ఇష్టం లేక చెప్పిన అబద్ధం అది. అట్లా చెప్తాడా ఆయన అందరికీ. సంధ్యకు గోడవైపు తిరిగి చెప్పాడు, నాకు కిటికీ వైపు తిరిగి. ఆ గొంతు తగిలిన చోట ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది, మెత్తగా, గడ్డి మీద పడుకోబెట్టినట్టు, లేవడానికి మనసొప్పదు. అక్కడే ఉండిపోతే టేబుల్, కిటికీ, నా పేరు. కానీ ఆయన ఎవడు నన్ను పడుకోబెట్టడానికి. నలభై రోజులు అట్టలు లాక్కుని, కాగితం కత్తిరించి అంటించి, ఇప్పుడు ఒక్క మాట భిక్షం వేస్తాడా. నేనేమన్నా పోయినవాడి పెండ్లాన్నా, జ్వరం చెప్పి ఓదార్చడానికి. కసితోనే నోరు తెరిచాను. మంచితనం అని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

"మేడమ్."

"చెప్పండి దేవదాసు గారూ, చాచా చాలా బాగా చెప్పారు."

"వాళ్లకు తెల్వది. ఇంటోళ్లకు తెల్వకముందే నేను రాసిన. ఆపమని డెస్క్‌కు ఒక ముక్క రాసి, నేనే చెరిపేసిన. భాయ్ నాకోసం అన్నడు."

ఇరమ్ కళ్లు కిందికి పోయాయి, ఏదో కాగితం వైపు. నల్లముక్కల్లో ఒకటి మ్యూట్ తీసి, మళ్లీ పెట్టుకుంది. పుస్తకాల ముందు ఆమె ముఖం కొంచెంసేపు ఆమెది కాకుండా పోయి, మళ్లీ సర్దుకుంది. ఇది చెప్పడానికి ధైర్యం కావాలి, అన్నది. మేం ముగ్గురం కూర్చుని మాట్లాడుకుని మెయిల్ చేస్తాం. మీరు టెన్షన్ పడొద్దు. రెస్ట్ తీసుకోండి. మీరెప్పుడూ మన కమ్యూనిటీయే. ఆమె గొంతు కూడా మెత్తబడింది. ఎక్కడ నేర్చుకుందో, లండన్‌లో కూడా ఉంటుందేమో అది. తెర నల్లబడి అందులో నా హెల్మెట్ గీత పడ్డ నుదురు కనిపించింది.

"అయిందా?" నిసార్ భాయ్ ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు.

"మెయిల్ చేస్తరట."

"టెన్షన్ పడొద్దనె గదా?"

"అన్నది."

"రెస్ట్ తీసుకోమనె గదా?"

"ఊఁ."

"జరం," అన్నాడు. "రాత్రి నుంచి కొంచెం జరం."

నవ్వుతున్నాడేమోనని అద్దంలో చూశాను. నవ్వు లేదు. తడిగుడ్డ మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు, అంచుకు అంచు కలిసేటట్టు.

"రెండుసార్లు నన్ను అబద్ధాలోణ్ని జేస్తివి గదప్పా దేవదాసూ. ఒకతూరి ఆ బిడ్డ దగ్గర, ఒకతూరి ఈ బిడ్డ దగ్గర." మడిచిన గుడ్డ అద్దం కింద పెట్టాడు. "ఆ చెరిపింది మాతో ఎందుకు చెప్పలేదు? డెస్క్, డెస్క్ అని కూస్తాంటివి."

పలక ఉంటే రాసి చూపించేవాణ్నేమో. కింద మసకలో ఎవరో నిద్రలో దగ్గారు, అట్ట గీరుకుంది. ఒకటి యాభై. ఇంకా గంటా నలభై నిమిషాలు. నేను దిగలేదు, ఆయన కూడా దిగు అనలేదు. నిలబెట్టిన బండికి ఏసీ కోసం ఇంజిన్ వేస్తే కంపెనీ ఆఫీసులో తెర మీద ఎర్ర చుక్క వస్తుంది, డ్రైవర్‌కు వార్నింగ్ కాగితం వస్తుంది, ఈ నెలలో ఒకటి ఇప్పటికే వచ్చిందని నాకు తెలుసు.

చెయ్యి చాపి తాళం తిప్పాడు. బస్సు ఒళ్లంతా ఒకసారి వణికింది. నా తల మీది ఏసీ చిల్లుల్లోంచి ముందు వేడిగాలి కొట్టింది.